మందుల షాపులో గ్రీకు, లాటిన్: ఆరేళ్ళు చదివిన డిగ్రీ మీద నా రివ్యూ

తిరుపతిలో ఆస్పత్రుల దారిలో నాకొక చిన్న మందుల షాపు ఉంది. వయసు నలభై ఆరు. 2017 అక్టోబరులో చేరి 2023 జూన్‌లో ముగించిన బి.ఏ. డిగ్రీ గురించి ఇది. అందులో ప్రధాన విషయాలు ప్రాచీన గ్రీకు, లాటిన్. ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయం, దూరవిద్య. ఊరు కదలకుండా, షాపు మూయకుండా చేశాను. ఫీజు కోసం చంద్రగిరి దగ్గర కొనిపెట్టుకున్న ఐదు సెంట్ల ప్లాటు అమ్మాను. ఈ చదువు గురించి తెలుగులో ఎవరైనా రాసి ఉంటారేమోనని చేరేముందు చాలా వెతికాను, దొరకలేదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ డిగ్రీకి పెట్టే డబ్బుకు తగిన విలువ భాషల్లోనే ఉంది. గ్రీకు, లాటిన్ ముట్టుకోకుండా ఇంగ్లీషు అనువాదాలు చదివి కూడా దాదాపు ఇదే పేరుతో పట్టా తెచ్చుకోవచ్చు. దానికైతే ఇంత ఖర్చు దండగ. భాషలు పట్టుకుంటే మాత్రం, తెలుగు మీడియంలో చదువుకున్న మనిషికి ఇందులో ఎన్నో సౌకర్యాలు ఉన్నాయి. ఆ సంగతి ఏ బ్రోచరులోనూ ఉండదు.

ఇదంతా ఒక మందుల కవరు దగ్గర మొదలైంది. మేము కవర్ల మీద బి.డి., టి.డి.ఎస్., హెచ్.ఎస్., ఎస్.ఓ.ఎస్. అని రాసిస్తాం. వాళ్ళవ్వకు నొప్పి మాత్రలు తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి, "అన్నా, ఎస్.ఓ.ఎస్. అంటే ప్రమాదం అని కదా, మా అవ్వకు అంత సీరియస్సా?" అని భయపడుతూ అడిగింది. అవసరమైతేనే వేసుకోమని అర్థం అని చెప్పి పంపాను. ఆ అక్షరాలకు అసలు మాటలు ఏమిటో మాత్రం నాకు తెలియదు. ఆ రాత్రి వెతికితే 'సీ ఒపుస్ సిత్' అని దొరికింది. లాటిన్. సీ అంటే 'అయితే', ఒపుస్ అంటే 'అవసరం', సిత్ అంటే 'ఉండేట్టు'. 'ఉంది' అని చెప్పే మాట 'ఎస్త్'. ఉంటుందో లేదో తెలియనప్పుడు క్రియ రూపం మారి 'సిత్' అవుతుంది. పదిహేనేళ్ళుగా రోజుకు వంద కవర్ల మీద నేను ఒక సందేహార్థక క్రియను రాస్తున్నాను. బి.డి. 'బిస్ ఇన్ దియే', రోజులో రెండుసార్లు. హెచ్.ఎస్. 'హోరా సొమ్నీ', నిద్రవేళ. చీటీ మొదట్లో డాక్టరు గీసే ఆ గీతల గుర్తు 'రెకిపె', అంటే 'తీసుకో' అనే ఆజ్ఞ.

ఆ 'హోరా' దగ్గర ఆగిపోయాను. మన పంచాంగంలో శుక్రహోర, గురుహోర అంటామే, అదీ ఇదీ ఒకే మాట. గ్రీకు జ్యోతిష్యంతో పాటు సంస్కృతంలోకి వచ్చింది. 'కేంద్రం' కూడా అంతే, గ్రీకు 'కెంత్రోన్'. జాతకంలో కేంద్రస్థానం అన్నా, కేంద్ర ప్రభుత్వం అన్నా మనం ఒక గ్రీకు మాటే పలుకుతున్నాం. ఇంత దగ్గరగా ఉన్న భాషను ఇంత దూరం అనుకున్నామే అని చాలా రోజులు మనసులో తిరిగింది.

చేరడానికి ముందు ఊళ్ళో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. రెండు వేల ఐదు వందలు కట్టించుకుని, "అలాంటి కోర్సులు ఇప్పుడు ఎక్కడా లేవు సార్, మీ అబ్బాయికి డేటా సైన్స్ చూడండి" అన్నారు. ఉన్నాయి. బ్రిటన్‌లో పేరున్న విశ్వవిద్యాలయాలు చాలావరకు ఈ చదువు చెబుతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇది నాలుగేళ్ళ కోర్సు, దానికి 'లితెరై హ్యుమానియోరెస్' అని పాత లాటిన్ పేరు. అక్కడ కూడా రెండు భాషల్లో ఒక్క అక్షరం రాకుండా చేరే దారి ఉంది. వయసులో ఉన్నవాళ్ళు, స్కాలర్‌షిప్ దొరికేవాళ్ళు అటు చూడండి. సంసారం, షాపు ఉన్నవాళ్ళకు దూరవిద్యే దారి.

పద్ధతి ఇలా ఉంటుంది. మొత్తం 360 క్రెడిట్లు. ఏడాదికి 60 చొప్పున చేస్తే ఆరేళ్ళు. ప్రతి కోర్సుకూ ఒక ట్యూటరు ఉంటారు. ఏడాదిలో ఐదారు అసైన్‌మెంట్లు, చివర ఒక పరీక్ష. ట్యూటోరియల్స్ ఆన్‌లైన్‌లో అక్కడి సాయంత్రం ఏడింటికి, అంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. షాపు పదకొండుకు మూసి, ఇంటికొచ్చి, అన్నం తిని, మా ఆవిడా పిలకాయలూ నిద్రపోయాక కూర్చునేవాణ్ణి. వేసవిలో వాళ్ళ గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది కాబట్టి పదకొండున్నరకే మొదలయ్యేది. ఆ నెలల్లో షాపు అరగంట ముందు కట్టేసేవాణ్ణి.

మొదటి ఏడాదిలో భాష అసలు లేదు. కుండల మీద బొమ్మలు, గుడులు, నాటకాలు, రోము చరిత్ర, అన్నీ ఇంగ్లీషులో. బాగానే ఉన్నాయి గానీ నేను ప్లాటు అమ్మింది వాటికోసం కాదు. చేరేవాళ్ళు ఈ ఒక్క విషయం రాసిచ్చి మరీ అడగండి: ఏ ఏడాది నుంచి భాష మొదలవుతుంది, ఎన్ని క్రెడిట్లు భాషకు, చివరి దాకా భాషా కోర్సులు ఉంటాయా? నేను అడగలేదు. నేను చేరినప్పుడు పట్టికలో ఆరో ఏడాదికి పైస్థాయి గ్రీకు కోర్సు ఒకటి ఉంది, ప్రాచీన గ్రీకు కవి హోమర్‌ను చదివేది. ఐదో ఏడాది మధ్యలో మెయిల్ వచ్చింది: చేరేవాళ్ళు తక్కువగా ఉన్నందువల్ల ఆ కోర్సు ఆపేస్తున్నాం, బదులుగా చరిత్ర కోర్సు తీసుకోండి అని. నాలుగు ముక్కల మెయిల్. ఆ కోర్సు కోసమే అర్ధరాత్రులు మేలుకున్న మనిషికి అలా చెప్పడం సరికాదని వాళ్ళకూ రాశాను. మర్యాదగా జవాబిచ్చారు, కోర్సు మాత్రం రాలేదు.

ఇక భాషల సంగతి.

గ్రీకు మొదటి వారం లిపి నేర్పిస్తారు. ఇరవై నాలుగు అక్షరాలు. నాతో పాటు చదివే ఇంగ్లండు వాళ్ళు అచ్చుల దగ్గర బాగా ఇబ్బంది పడ్డారు. గ్రీకులో 'ఎ'కు ఒక అక్షరం, 'ఏ'కు ఇంకొకటి. 'ఒ'కు ఒకటి, 'ఓ'కు ఒకటి. ఎప్సిలోన్, ఏత, ఒమిక్రోన్, ఓమెగ. సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. తెలుగులో ఉన్నాయి. తప్పు పలికితే 'మెడ' 'మేడ'గా, 'కొన' 'కోన'గా మారిపోతుందని మనకు ఒకటో తరగతి నుంచీ తెలుసు. అలాగే క-ఖ, త-థ, ప-ఫ తేడాలు ప్రాచీన ఏథెన్స్ ఉచ్చారణలో ఉన్నాయి. ట్యూటరు ఊపిరి వదలడం ఎలాగో వివరిస్తూ, నోటి ముందు కాగితం పెట్టుకుని కదులుతుందో లేదో చూడమన్నారు. నేను గ్రీకు మాటల కింద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకున్నాను. ఆ నోటుబుక్కులు ఏడు నిండాయి. ఒక్క మాట కూడా అక్షరం చాలక ఆగలేదు.

విభక్తులు వచ్చేసరికి చాలామంది మానేస్తారు. లాటిన్‌లో సంబోధనతో కలిపి ఆరు, గ్రీకులో ఐదు. మా వీధిలో సంస్కృతం చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు ఉన్నారు, షుగరు మాత్రలకు నెలనెలా వస్తారు. నేను కౌంటరు మీద పెట్టుకున్న పట్టిక చూసి, "ఏమప్పా ఇది, శబ్దమంజరి మాదిరి ఉండాదే" అన్నారు. 'రామః రామౌ రామాః' అని ఆయన ఎలా వల్లె వేయించేవారో అలాగే నన్ను 'సెర్వుస్, సెర్వే, సెర్వుమ్' అని గుక్క తిప్పుకోకుండా చెప్పమన్నారు. అర్థం తర్వాత చూద్దాం, ముందు నోటికి రావాలి అన్నారు. కోర్సు పుస్తకం వాక్యాలు చదువుతూ పోతే రూపాలు వాటంతటవే వస్తాయంటుంది. నాకు రాలేదు. మాస్టారు చెప్పినట్టు పొద్దున షట్టరు తీసేటప్పుడు ఒక పట్టిక, రాత్రి దించేటప్పుడు ఒక పట్టిక వల్లె వేస్తే నెలన్నరలో వచ్చాయి. అప్పుడే 'ఒమ్నిబుస్' అనే రూపం చూపించాను. 'అందరికీ' అని అర్థం. అందరి కోసం తిరిగే బండి కాబట్టి ఆ పేరు పెట్టారు, తర్వాత తల తెగిపోయి తోక మిగిలింది. ఆయన ఆ తోక మీద వేలు పెట్టి, "రామేభ్యః లో భ్యః ఉందే, దాని చుట్టం" అన్నారు. కొండకు పోయే బస్సులో 'బస్' అనేది ఒక చతుర్థీ ప్రత్యయం.

గ్రీకులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది క్రియల్లో మధ్యమ రూపం. ఇంగ్లీషులో చెప్పే పుస్తకాలు దీనికి పేజీలకు పేజీలు ఖర్చు పెడతాయి: కర్త తనకోసం చేసుకునే పని, తన మీదికే వచ్చే పని అని. మూడు వారాలు చదివినా నాకు పట్టుబడలేదు. ఒక ఆదివారం పొద్దున మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది: "పిలకాయకు నీళ్ళు పోసినావా? నువ్వు పోసుకున్నావా?"

పుస్తకంలో ఆ పేజీలో ఉన్న ఉదాహరణ అదే. 'లూఓ' అంటే ఇంకొకరికి నీళ్ళు పోస్తాను. 'లూఒమై' అంటే నేను పోసుకుంటాను. మనం క్రియకు 'కొను' చేరిస్తే అయ్యేది, గ్రీకులో చివరి ప్రత్యయం మారితే అవుతుంది. 'పట్టు' అనే క్రియను మధ్యమంలో పెడితే 'ఎంచుకొను' అవుతుంది. వండు, వండుకొను, రాయు, రాసుకొను, మనం రోజుకు వందసార్లు వాడే తేడా. సంస్కృతంలో దీనికి దగ్గరిది ఆత్మనేపదం అని మాస్టారు చెప్పారు గానీ, నాకు మా అమ్మ మాటతోనే అర్థమైంది. ఆ తర్వాత ఏ గ్రీకు క్రియ వచ్చినా ముందు తెలుగులో 'కొను' చేర్చి చూసేవాణ్ణి. పదింట ఎనిమిదిసార్లు సరిపోయేది.

లాటిన్‌లోనూ అలాంటిదొకటి ఉంది. 'ఉర్బె కప్తా' అనే రెండు మాటల్ని ఇంగ్లీషులోకి తేవడానికి తరగతిలో అందరూ నానా తంటాలు పడ్డారు. తెలుగులో 'ఊరు పట్టుబడగా'. అంతే. రెండు మాటలకు రెండు మాటలు. క్రియ వాక్యం చివర రావడం, వెళ్ళి, చూసి, చేసి అని అసమాపక క్రియల్ని గొలుసుగా కట్టడం, ఇవన్నీ మనకు కొత్త కాదు. అందుకే రెండో ఏడాది నుంచి నేను లాటిన్ నుంచి ముందు తెలుగులోకి మార్చుకుని, ఆ తర్వాత ఇంగ్లీషు రాసేవాణ్ణి. మార్కులు పెరిగాయి. చేరేవాళ్ళకు ఇది నా గట్టి సలహా.

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. 18, 19 తేదీల్లో వీధులు కాలువలయ్యాయి. షాపులోకి మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి, కింది రెండు అరల మందులు పోయాయి. సరిగ్గా ఆ వారమే రోము కవి వర్జిల్ మీద అసైన్‌మెంటు ఇవ్వాలి. కరెంటు లేదు. ఫోనులో మిగిలిన కాస్త ఛార్జింగుతో ట్యూటరుకు రెండు వాక్యాలు రాశాను. గంటలో జవాబు: ముందు మీరూ మీ ఇంట్లోవాళ్ళూ జాగ్రత్త, రెండు వారాలు గడువు ఇస్తున్నాను అని. ఈ సేవలో నాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి. ఆరేళ్ళలో ఐదుగురు ట్యూటర్లు మారారు, ఒక్కరు కూడా ఎక్కడో ఇండియాలో ఉన్నవాడని నన్ను తక్కువగా చూడలేదు.

ఆ రెండు వారాల్లోనే ఒక రాత్రి ఎమర్జెన్సీ లైటు కింద నేనూ మా పెద్దవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. వాడు అప్పుడు పదో తరగతి. ఉత్పలమాల పాదానికి గణవిభజన చేస్తున్నాడు. నేను వర్జిల్ మొదటి పాదానికి గురులఘువులు గుర్తిస్తున్నాను. "నాయనా, నీదీ అదేనా?" అని నోటుబుక్కు లాక్కున్నాడు. 'అర్మ విరుంక్వె కనో త్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్' అని తెలుగు అక్షరాల్లో రాసి ఉంది కదా, వాడికి చదవడానికి అడ్డేమీ లేదు. పెన్సిలు తీసుకుని, "ర్మ ముందు అ గురువు. మ, వి లఘువులు. భ గణం. రుం గురువు, క్వె, క లఘువులు. మళ్ళీ భ గణం. నో, త్రో రెండూ గురువులు, గగం" అంటూ పోయాడు. భ, భ, గగ, గగ, భ, గగ. ఒక్క తప్పు లేదు. లాటిన్ ఒక్క ముక్క రాని పిల్లవాడు రెండు వేల ఏళ్ళ నాటి రోము కవి పాదాన్ని నిమిషంలో విడగొట్టేశాడు. హల్లుల జంటకు ముందున్న అక్షరం గురువు అనే సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే. హోమర్ పాదమూ ఇదే లెక్క: ఆరు గణాలు, మొదటి ఐదింటిలో భ గణం గానీ గగం గానీ, అయిదోది ఎక్కువగా భ గణమే. ఇంగ్లండు విద్యార్థులకు ఈ ఛందస్సు నేర్పడానికి మూడు వారాలు పట్టింది. నేను అసైన్‌మెంటు చివర మన గురులఘువుల సంగతి ఒక పేరా రాస్తే, ట్యూటరు ఇంకో పేజీ రాసి పంపమని అడిగి చదివారు.

మందుల వ్యాపారిగా నాకు దక్కినది 'ఫార్మకోన్' అనే మాట. ఫార్మసీ దానిలోంచే వచ్చింది. నిఘంటువు తెరిస్తే మందు అని ఉంది, విషం అని ఉంది, వశీకరణకు పెట్టేది అని కూడా ఉంది. ఇంగ్లీషులో ప్రతిచోటా ఒక్కో మాట ఎంచుకోవాలి. మనకు అక్కర్లేదు. మందు. డాక్టరు ఇచ్చేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, పురుగుల మందు తాగాడన్నా మందే, "వాళ్ళింట్లో ఏదో మందు పెట్టినారు, అప్పట్నుంచి వాడు మనిషి కాకుండా పోయినాడు" అన్నా మందే. మా వైపు పల్లెల్లో ఈ చివరి మాట ఇప్పటికీ వినిపిస్తుంది. హోమర్ కావ్యం ఒడిస్సీ నాలుగో భాగంలో హెలెన్ అతిథుల ద్రాక్షసారాయిలో దుఃఖం మరిపించే మందు కలుపుతుంది. ఐగుప్తు నేలలో మందులు బోలెడు, కలిపితే మేలు చేసేవీ చాలా, కీడు చేసేవీ చాలా అంటాడు కవి. పదో భాగంలో కిర్కె అనే మంత్రగత్తె పెట్టేది మన పల్లెల్లో 'మందు పెట్టడం' అన్నదే. సోక్రటీసు జైల్లో తాగిందీ ఫార్మకోనే.

ఆ ఘట్టాన్ని ప్లేటో రాసిన గ్రీకులోనే చదివిన రాత్రి నాకు బాగా గుర్తుంది. క్రీ.పూ. 399. గిన్నె తెచ్చిన మనిషిని సోక్రటీసు అడుగుతాడు, ఇందులో కొంచెం దేవుళ్ళకు ధారపోయవచ్చా అని. అతను అంటాడు: తాగడానికి ఎంత సరిపోతుందనుకుంటామో అంతే నూరుతాం. ఆ 'సరిపోయేంత' అన్న చోట 'మెత్రియోన్' అని ఉంటుంది, మితమైనది, కొలత తప్పనిది. అనువాదంలో అంతకు ముందు రెండుసార్లు చదివాను, ఆ వాక్యం కంటికి ఆనలేదు. గ్రీకులో ఒక్కో మాటా వెతుక్కుంటూ వెళ్తే, ఎవరో పేరు తెలియని మందు నూరేవాడు తన డోసు గురించి మాట్లాడుతున్నాడు. నేను రోజూ చేసే పని గురించి.

దానికన్నా కష్టంగా చదివింది గ్రీకు చరిత్రకారుడు తుకిదిదేస్. ఏథెన్స్‌లో క్రీ.పూ. 430లో మొదలైన మహమ్మారి గురించి రెండో భాగంలో రాశాడు. మాకు అది 2021 ఏప్రిల్, మే నెలల పాఠం. కరోనా ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో ఆస్పత్రుల దారిలో మందుల షాపు అంటే ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటి నుంచి క్యూ. అర్ధరాత్రి ఇంటికొచ్చి, బయట నీళ్ళు పోసుకుని, విడిగా ఒక గదిలో కూర్చుని ఇది చదివేవాణ్ణి. తలలో మంట, ఎర్రబడిన కళ్ళు, గొంతు, దగ్గు, ఎంత తాగినా తీరని దాహం. ఒంటి మీద గుడ్డ భరించలేక నీళ్ళ తొట్టెల్లో దూకినవాళ్ళు. శత్రువులు బావుల్లో విషం కలిపారని పుకారు. ఇదే మందు అని చెప్పడానికి ఒక్కటీ లేదు, ఒకరికి పనిచేసింది ఇంకొకరికి హాని చేసింది. తుకిదిదేస్ తనకూ ఆ జబ్బు వచ్చిందని రాశాడు, అందుకే లక్షణాలు అంత వివరంగా చెప్పగలిగాడు.

అందులో వైద్యుల గురించి ఒక వాక్యం ఉంది. రోగుల దగ్గరికి అందరికన్నా ఎక్కువగా వెళ్ళేది వాళ్ళే కాబట్టి, అందరికన్నా ఎక్కువగా వాళ్ళే చనిపోతూ వచ్చారు అని. 'చనిపోయారు' కాదు. క్రియ 'ఎథ్నేస్కోన్', జరుగుతూ ఉన్న భూతకాలం. ఆ వారమే మాకు పదేళ్ళుగా మందుల పెట్టెలు తెచ్చిచ్చే డిస్ట్రిబ్యూటరు మనిషి పోయాడు. ముందు రోజు సాయంత్రం దాకా స్కూటరు మీద పెట్టెలు దించినవాడు. పుస్తకం మూయలేకపోయాను. 'దగ్గరికి వెళ్ళిన కొద్దీ చనిపోతూ వచ్చారు' అని తెలుగులో రాసుకుని, దాన్నే ఇంగ్లీషు చేసి పంపాను. నా దగ్గర ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

చివరి ఏడాది, గ్రీకు కోర్సు బదులు ఇచ్చిన చరిత్ర కోర్సు గురించి న్యాయంగా చెప్పాలి. అది నేను అనుకున్నదానికన్నా బాగుంది. రోము వ్యాపారం మీద వ్యాసం రాశాను. రోము రచయిత ప్లినీ తన పన్నెండో పుస్తకంలో మిరియాల ధరలు ఇచ్చాడు: పౌను బరువు పిప్పళ్ళు 15 దెనారియులు (రోము వెండి నాణేలు), తెల్ల మిరియాలు 7, నల్ల మిరియాలు 4. మా పక్క పచారీ కొట్లో ఇప్పటికీ పిప్పళ్ళు అమ్ముతారు, దగ్గుకు తేనెలో. మన 'పిప్పలి' గ్రీకులో 'పెపెరి' అయింది, లాటిన్‌లో 'పిపెర్', ఇంగ్లీషులో పెప్పర్. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకంలో తూర్పు తీరాన 'మసలియ' అనే ప్రాంతం, అక్కడ నేసే నూలుబట్టల ప్రస్తావన ఉంది. అది మన మచిలీపట్నం వైపు నేల అంటారు. ఈ కోర్సు చేసేవాళ్ళు అన్నిటికీ రోములోనే ఉదాహరణలు వెతక్కండి, మన తీరం మీద రాయండి. ట్యూటర్లకు అది కొత్త, మనకు దగ్గర.

మొక్కల పేర్లు కూడా చదవడం వచ్చింది. అలిపిరి వైపు ఎర్రచందనం చెట్టు కింద రాలిన కాయ ఒకటి తీసి చూడండి. గుండ్రంగా, పలచగా, చుట్టూ కాగితం లాంటి రెక్క. దాని శాస్త్రీయ నామంలో మొదటి మాట 'ప్టెరోకార్పస్'. ప్తెరోన్ అంటే రెక్క, కర్పోస్ అంటే కాయ. రెక్కకాయ.

ఖర్చు. నాకు ఆరేళ్ళలో ఫీజు దాదాపు 19 లక్షలు అయింది. పుస్తకాలు, కొరియర్, ఒక మంచి నిఘంటువు కలిపి ఇంకో అరవై వేలు. బ్రిటిష్ పౌను ధర మారుతూ ఉంటుంది, అది లెక్కలో వేసుకోండి. ఈ డిగ్రీ చూపిస్తే మన దగ్గర ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. విదేశీ దూరవిద్య పట్టాకు ఇక్కడి డిగ్రీతో సమానంగా గుర్తింపు కావాలంటే ఇబ్బందులు ఉంటాయి, టీచరు ఉద్యోగాలకో పీజీకో వాడుకుందామనుకునేవాళ్ళు ఫీజు కట్టకముందే కనుక్కోండి. నాకు ఆ అవసరం లేదు కాబట్టి చేరాను. పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని అప్పు చేయించి దీంట్లో చేర్పించమని నేను చెప్పను.

డబ్బు లేనివాళ్ళు చదవలేరా అంటే, చదవొచ్చు. లిడెల్, స్కాట్ అనే ఇద్దరు 1843లో అచ్చు వేసిన గ్రీకు నిఘంటువు ఇప్పుడు నెట్‌లో ఉచితం. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ పెర్సియస్ అనే సైటులో ఏ గ్రీకు మాట మీద నొక్కినా అది ఏ విభక్తి, ఏ కాలం అని చెబుతుంది. ఒక పేజీ మూలం, ఎదురు పేజీ అనువాదం ఉండే లోబ్ వాళ్ళ పుస్తకాలు 1912 నుంచి వస్తున్నాయి, గ్రీకువి ఆకుపచ్చ అట్ట, లాటిన్‌వి ఎర్ర అట్ట. వాటిలో పాతవి కాపీరైటు తీరిపోయి ఉచితంగా దొరుకుతాయి. ఇవన్నీ ఉండి కూడా డిగ్రీలో చేరడం ఎందుకు అని మా ఆవిడ అడిగింది. నా జవాబు ఒకటే: మంగళవారం లోపల నలభై పంక్తులు పంపాలి అని ఎవరైనా గడువు పెట్టకపోతే, షాపు నుంచి వచ్చిన మనిషి పుస్తకం తెరవడు. తప్పు రాస్తే ఎర్ర సిరాతో దిద్ది, ఎందుకు తప్పో చెప్పే మనిషి ఒకరు కావాలి. నేను కట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఆ దిద్దుబాటుకు కట్టానని లెక్క వేసుకుంటాను. నా మొదటి గ్రీకు అసైన్‌మెంటులో ట్యూటరు ముప్పై ఎనిమిది చోట్ల దిద్దారు, ఒక్కోదాని పక్కన కారణం రాశారు.

మార్కులు వేయమంటే భాషా కోర్సులకు ఐదుకు ఐదు. ట్యూటర్లకు ఐదు. మొదటి ఏడాదికి మూడు. విద్యార్థులకు ముందుగా చెప్పకుండా కోర్సులు తీసేసే పరిపాలనకు ఒకటి. పరీక్షల సాఫ్ట్‌వేర్ ఒకసారి మధ్యలో ఆగిపోయి టెన్షన్ పెట్టింది గానీ, రాసినదంతా సేవ్ అయి ఉంది, దానికి నాలుగు ఇస్తాను.

పట్టా వచ్చాక కూడా బుధ, శనివారాల రాత్రులు మానలేదు. వాళ్ళు తీసేసిన ఆ హోమర్ కోర్సును నాకు నేనే చదువుకుంటున్నాను. ఒడిస్సీలో ఇరవై నాలుగు భాగాలు, ఇప్పుడు తొమ్మిదో భాగంలో ఉన్నాను. అప్పుడు ఎస్.ఓ.ఎస్. గురించి అడిగిన అమ్మాయి ఈమధ్య ఫార్మ్.డి. ముగించి షాపుకు వచ్చింది, గ్రీకు అక్షరాలు నేర్పమని. రెండు వారాల్లో నేర్చుకుంది. ఇంకెవరికైనా ఈ డిగ్రీ గురించి గానీ, మొదటి పుస్తకం ఏది కొనాలని గానీ అడగాలని ఉంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి, ఆ వేళలో గిరాకీ తక్కువ. నిఘంటువు కౌంటరు కిందే ఉంటుంది.